కడుపుతో ఉన్న మనిషికి జ్వరమొచ్చిందా అని ఎవరూ అడగట్లేదు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల డాక్టర్లకి, ఆరోగ్య శాఖ వాళ్ళకి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను రాజాం దగ్గర ఒక ఊళ్ళో నెట్ సెంటర్ నడుపుతాను. జిరాక్సులు, ఫీజు రీయింబర్స్‌మెంట్ అప్లికేషన్లు, వికలాంగుల సర్టిఫికెట్ కోసం సదరం స్లాట్లు, ఆదివారం సాయంత్రమైతే మర్నాటి గ్రీవెన్స్‌కి అర్జీలు. ఊళ్ళో సగం మంది అర్జీలు టైప్ చేసింది నేనే కాబట్టి అర్జీ ఎలా రాయాలో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. అలాంటిది మా ఇంటి విషయంలో రెండుసార్లు అర్జీ పెట్టుకుంటే మొదటిదానికి ఉలుకూ పలుకూ లేదు, రెండోదానికి కొన్నాళ్ళకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, "మీ సమస్య పరిష్కరించబడినది" అని. మా చెల్లి పాపకి చెవులు వినపడట్లేదు, ఏం పరిష్కారమైందో మెసేజ్ పంపిన కంప్యూటర్‌కే తెలియాలి. మేము డబ్బు అడగలేదు, ఎవర్నీ సస్పెండ్ చెయ్యమనలేదు, కడుపుతో ఉండగా రూబెల్లా జ్వరం తగిలి మా చెల్లికి జరిగింది ఇంకో ఆడపిల్లకి జరక్కుండా కొన్ని పనులు చెయ్యమన్నాం అంతే. ఏ ఆస్పత్రి, ఏ ఆఫీసు అన్నది ఇక్కడ రాయను, ఎందుకంటే ఒక్కరి పేరు రాస్తే మిగతా అందరూ "మనం కాదులే" అని ఊపిరి పీల్చుకుంటారు.

ముందు జరిగింది చెప్తాను.

మా చెల్లి 1999లో పుట్టింది. నరసన్నపేట వైపు ఇచ్చాం. 2022 జూన్‌లో నెల తప్పింది, వేవిళ్ళు ఎక్కువగా ఉన్నాయని ఆగస్టులో కన్నోరింటికి తీసుకొచ్చాం. అప్పుడు మా వీధిలో నలుగురైదుగురు పిల్లలకి ఒంటినిండా సన్నటి దద్దుర్లు, పెద్దోళ్ళు తట్టు అన్నారు, చిన్నమ్మవారు అన్నారు, వేపాకు గుమ్మాలకి కట్టారు. వారం పది రోజులు పోయాక మా చెల్లికి ఒళ్ళు కాస్త వెచ్చబడింది, మొహం మీద మొదలై ఒంటి మీదకి సన్న దద్దుర్లు దిగాయి, చెవుల వెనక బిళ్ళలు కట్టాయి, వేళ్ళ కీళ్ళు నొప్పి అని జడ కూడా మా అమ్మ చేతే వేయించుకుంది. నేనే బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్ళాను. మూడో నెల అని చెప్పాం. చూసినాయన "వేడి చేసింది, మజ్జిగ తాగమ్మా, చల్లగా ఉండమ్మా" అని పారాసెటమాల్ ఇచ్చి పంపేశారు. మూడు రోజుల్లో తగ్గిపోయింది. మేము కూడా హమ్మయ్య అనుకున్నాం, అబద్ధం ఎందుకు.

తర్వాత అత్తారింటికెళ్ళింది. అక్టోబర్ 25న, దీపావళి మర్నాడు, సూర్యగ్రహణం. ఐదో నెల పిల్లని గదిలో పెట్టి కిటికీలకి దుప్పట్లు కట్టారు, మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు, కాలు మీద కాలు వేసుకోకూడదన్నారు, కత్తి ముట్టుకోకూడదన్నారు. అంత భద్రం చేశారు! ఆగస్టులో వచ్చిన జ్వరం సంగతి మాత్రం ఆ ఇంట్లో గానీ మా ఇంట్లో గానీ మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, నెలనెలా చెకప్‌లో బరువు రాశారు, బీపీ రాశారు, రక్తం శాతం రాశారు, జ్వరం వచ్చిందా అని కార్డులో గడీ లేదు కాబట్టి ఎవరూ రాయలేదు.

2023 మార్చిలో ఆడపిల్ల పుట్టింది. కిలో తొమ్మిది వందల గ్రాములు. నెలలు నిండాయి కదా ఇంత చిన్నగా ఏటి అనుకున్నాం. ఉయ్యాలకి మా అమ్మ ఎర్ర గాజులు కట్టింది, ఏ పిల్లైనా నెలన్నరకి వాటి వంక చూస్తుంది, ఈ పిల్ల చూడట్లేదు. ఒకరోజు కరెంటు పోతే ఫోన్ టార్చ్ వేశాను, రెండు కళ్ళల్లో నల్లగుడ్డు మధ్యలో పాలచుక్క వేసినట్టు తెల్లగా కనపడింది. విశాఖపట్నం తీసుకెళ్ళాం. పుట్టుకతోనే శుక్లాలు అన్నారు. తర్వాత గుండెలో పుట్టాక మూసుకోవాల్సిన రక్తనాళం మూసుకోలేదన్నారు. తర్వాత చెవి పరీక్ష, రెండు చెవులూ పోయాయన్నారు. అప్పుడు ఒక పిల్లల డాక్టరమ్మ మా చెల్లిని పక్కన కూర్చోపెట్టుకుని అడిగారు, "మూడో నెల్లో గానీ జ్వరం, దద్దుర్లు ఏమైనా వచ్చాయా తల్లీ?" అని. ఆ ఒక్క ప్రశ్న, నెలల తరబడి ఆలస్యంగా, నూటపాతిక కిలోమీటర్ల అవతల. పాప రక్తం పరీక్షకి పంపితే రూబెల్లా అని తేలింది.

మా అత్తగారు ఏమన్నారో తెలుసా. అంటే చెల్లి అత్తగారు. "గ్రహణం ఇడవక ముందే కత్తిపీట ముట్టుకున్నాది, సెప్తే ఇన్నాదా, అందుకే గుంటకి కంట్లో పువ్వేసీసింది." ఆవిడ చెడ్డ మనిషి కాదు, మనవరాలిని ఒళ్ళోంచి దింపరు. మన భాషలోనే ఉంది మరి, పెదవి చీలితే గ్రహణం మొర్రి అంటాం, వంకర అంతా ఆకాశం మీదకో కోడలి మీదకో తోసేస్తాం. నేను సదరం స్లాట్‌లు బుక్ చేస్తాను కదా, చెవిటి పిల్లల్ని, కళ్ళు కనపడని పిల్లల్ని తెచ్చే తల్లుల్ని ఇప్పుడు అడుగుతుంటాను, కడుపుతో ఉన్నప్పుడు ఏమైనా జ్వరమొచ్చిందా అని. ఒకావిడ గ్రహణం అంటుంది, ఒకావిడ "డాక్టరు మేనరికమా అని అడిగాడు, ఔనన్నాను, అదేనమ్మా కారణం అన్నాడు" అంటుంది. మేనరికం వల్ల కూడా వస్తాయి, కాదనను. కానీ మేనరికమా అని అడిగి పెన్ను మూసేస్తే ఎలా? మా చెల్లిది మేనరికం కాదు, ఎనిమిది తరాలు వెతికినా చుట్టరికం లేదు.

రూబెల్లా ఏదో కొత్త రోగం కాదు. 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కళ్ళ డాక్టరు తన దగ్గరకి వరసగా శుక్లాలతో వస్తున్న పసిపిల్లల్ని చూసి, ఆ తల్లులు మాట్లాడుకుంటుంటే విని, అందరికీ కడుపుతో ఉన్నప్పుడు ఈ దద్దుర్ల జ్వరం వచ్చిందని పట్టుకున్నాడు, 78 మంది పిల్లల వివరాలు రాశాడు. తల్లుల మాట విన్నాడు, అంతే ఆయన చేసింది! అమెరికాలో 1964-65లో పెద్ద ఎత్తున వస్తే అక్కడ సుమారు 20 వేల మంది పిల్లలు ఇలా పుట్టారు, 1969కల్లా టీకా తెచ్చుకున్నారు. తల్లికి మొదటి 12 వారాల్లో వస్తే 100 మందిలో 90 మంది దాకా బిడ్డకి ఏదో ఒక దెబ్బ తగులుతుంది, ఎందుకంటే కంటి గుడ్డు, చెవి లోపలి భాగం, గుండె గదులు తయారయ్యేది ఆ వారాల్లోనే, వైరస్ మాయ దాటి లోపలికెళ్ళి ఆ పనిని మధ్యలో ఆపేస్తుంది. ఐదో నెల దాటాక వస్తే ఆ ప్రమాదం చాలా తక్కువ. తల్లికి మాత్రం అది జ్వరం కింద లెక్కే కాదు, సగం మంది దాకా అసలు ఏమీ తెలియదు కూడా. మందు లేదు. టీకా ఒక్కటే దారి, అది కూడా కడుపు రాక ముందు.

ఇదంతా మీకు తెలుసు, చదువుకున్నోళ్ళు. తెలిసి కూడా అడగట్లేదు కాబట్టి పాయింట్ల వారీగా రాస్తున్నాను.

1. ప్రతి చెకప్‌లో మూడు ప్రశ్నలు అడగండి. పోయినసారి వచ్చి వెళ్ళాక జ్వరం వచ్చిందా, ఒంటి మీద దద్దుర్లు గానీ పొక్కులు గానీ వచ్చాయా, ఇంట్లో వీధిలో ఎవరికైనా అలా వచ్చిందా. ఆశా అక్క ఇంటికెళ్ళినప్పుడు అడగొచ్చు, ఏఎన్‌ఎం అడగొచ్చు, ప్రతి నెలా 9వ తారీఖున గర్భిణులకి స్పెషల్ చెకప్ పెడుతున్నారు కదా 2016 నుంచి, ఆ రోజు డాక్టరుగారే అడగొచ్చు. ఔనంటే తల్లీబిడ్డ కార్డు మీద ఎర్ర పెన్‌తో రాయండి. మూడో నెల్లో దద్దుర్లొచ్చాయంటే వేడి అనకండి, రక్తం తీయండి. జ్వరం, దద్దుర్లు ఉన్న పిల్లల రక్తం తీసి తట్టా రూబెల్లానా అని పరీక్షకి పంపే పద్ధతి ప్రభుత్వంలో ఇప్పటికే ఉంది, మా వీధి పిల్లలకి ఆ పని జరిగుంటే మా చెల్లి సంగతి ఆగస్టులోనే తెలిసేది. తెలిస్తే ఏం చేసేవాళ్ళు అని ఒక పెద్దమనిషి నన్ను అడిగారు. ఏం చెయ్యాలో ఆ అమ్మాయి, ఆమె భర్త, డాక్టరు కూర్చుని అప్పుడు ఆలోచించుకునేవాళ్ళు, ఉంచుకోవాలనుకుంటే పుట్టిన రోజునే కళ్ళు చూపించేవాళ్ళు, చెవులు చూపించేవాళ్ళు. మాకు ఆ అవకాశమే లేకుండా పోయింది.

కింద స్టాఫ్ మీద నాకు కోపం లేదు. ఆశాలకి యాప్‌లో నింపే గడులు ఎన్నో నేను రోజూ చూస్తాను, సిగ్నల్ లేక నా షాపుకొచ్చి నింపుతుంటారు. లేని గడీ నింపమని వాళ్ళనెలా అంటాం, గడీ పెట్టాల్సింది పైన.

2. 2017లో తప్పిపోయిన ఆడపిల్లల సంగతి చూడండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం, ఇది చదివి మిగతావి వదిలేసినా నాకు బాధ లేదు. మన రాష్ట్రంలో తట్టు-రూబెల్లా టీకా 2017 ఆగస్టులో బళ్ళల్లో వేశారు. 9 నెలల నుంచి 15 ఏళ్ళ లోపు పిల్లలకి. చాలా మంచి పని చేశారు, మనస్ఫూర్తిగా చెప్తున్నాను. ఇప్పుడు పసిపిల్లలందరికీ 9 నెలలప్పుడు ఒకటి, ఏడాదిన్నరప్పుడు ఒకటి వేస్తున్నారు. కానీ అప్పటికి 15 దాటినోళ్ళు? అంటే 2002కి ముందు పుట్టినోళ్ళు? వాళ్ళల్లో చాలా మందికి ఈ టీకా ఎప్పుడూ పడలేదు. వాళ్ళే ఇప్పుడు 23, 25, 28 ఏళ్ళ ఆడవాళ్ళు, కాన్పులకి వస్తున్నది వాళ్ళే. చిన్నప్పుడు ఎప్పుడో రూబెల్లా వచ్చి పోయినోళ్ళకి భయం లేదు, రానోళ్ళకి కాపు, అంటే ఆ రోగాన్ని ఆపే శక్తి ఒంట్లో లేదు, ఎవరు ఎవరో ఎవరికీ తెలియదు.

మా చెల్లి తోటికోడలు 2004లో పుట్టింది. 2017లో బడిలో ఉంది. ఆ టీకా మీద అప్పుడు వాట్సాప్‌లో ఎన్ని పుకార్లొచ్చాయో మీకు గుర్తుండే ఉంటుంది, వాళ్ళ నాన్న ఆ రోజు బడి మానెయ్యమన్నాడట, ఈ పిల్ల స్లిప్ టెస్ట్ ఉందని వెళ్ళిపోయింది, సూది పడింది. 2023లో ఆ అమ్మాయి నీళ్ళోసుకుంది. మూడో నెల్లో రోజూ మా పాపని ఎత్తుకునేది, ముద్దులాడేది. విశాఖలో డాక్టరమ్మ అప్పుడు చెప్పారు, ఇలా పుట్టిన పిల్లల ఉమ్ములో, ఉచ్చలో ఏడాది దాకా కూడా వైరస్ ఉంటుంది, కడుపుతో ఉన్నోళ్ళని దగ్గరకి రానివ్వకండి అని. ఆ మాట విన్న రోజు మా ఇళ్ళల్లో ఎవరూ అన్నం తినలేదు. టెస్ట్ చేయిస్తే ఆ అమ్మాయికి కాపు ఉందని వచ్చింది. మగపిల్లాడు, మూడు కిలోలు, వాడు ఏడిస్తే వీధంతా వినపడుతుంది. ఒకే ఇల్లు, ఇద్దరు కోడళ్ళు, ఐదేళ్ళ తేడా, మధ్యలో ఒక సూది.

కాబట్టి డిమాండ్: ఆ వయసు ఆడవాళ్ళకి టీకా వెయ్యండి. కడుపుతో ఉన్నప్పుడు వెయ్యకూడదు, వేయించుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి, అందుకే పెళ్ళికి ముందు వెయ్యాలి. సచివాలయంలో పెళ్ళి రిజిస్ట్రేషన్‌కి ఇద్దరి ఆధార్‌లు, శుభలేఖ, ఫొటోలు అడుగుతున్నారు, రూబెల్లా టీకా పడిందా అని ఇంకో మాట అడగలేరా. అప్పుడు కుదరకపోతే మొదటి కాన్పయ్యాక డిశ్చార్జ్ చేసేలోపు వెయ్యండి, పాలిచ్చే తల్లికి వెయ్యొచ్చు, రెండో బిడ్డైనా బాగుంటుంది. నర్సింగ్ కాలేజీ పిల్లలకి, అంగన్‌వాడీ టీచర్లకి, ఆశాలకి ముందు వెయ్యండి, రోజూ దద్దుర్ల పిల్లల్ని ముట్టుకునేది వాళ్ళే. 2026 నాటికి తట్టు, రూబెల్లా రెండూ లేకుండా చేస్తామని కేంద్రం గడువు పెట్టుకుంది. పసిపిల్లల లెక్క ఒక్కటే చూసుకుని చేతులు దులుపుకుంటే ఆ గడువు కాగితం మీదే ఉంటుంది.

3. అలా పుట్టిన బిడ్డని ఇంటికి పంపేటప్పుడు పైన చెప్పిన ముక్క, అంటే ఏడాది దాకా కడుపుతో ఉన్నోళ్ళ చేతికి ఇవ్వొద్దని, నోటితో చెప్పి కాగితం మీద కూడా రాసివ్వండి. మాకు నెలల తరబడి ఎవరూ చెప్పలేదు. ఈలోపు బారసాల చేశాం. ఎంతమంది ఎత్తుకున్నారో లెక్క లేదు.

4. హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి. ఈ మూడింటికీ పరీక్ష ఉంది, మందో టీకానో ఉంది, బిడ్డకి పాకకుండా ఆపొచ్చు. హెచ్‌ఐవీ సంగతిలో మన రాష్ట్రం చాలా కష్టపడింది, ఏ మందూ వాడకపోతే 100కి 15 నుంచి 45 మంది పిల్లలకి పాకేది, సరిగ్గా మందులు వాడితే 5 లోపుకి వస్తుంది. మిగతా రెండింటికి అంత పట్టుదల కనపడట్లేదు. సిఫిలిస్ అంటే నాలుగో నెలలోపు పట్టుకుంటే పెన్సిలిన్ సూదితో పోతుంది, పట్టుకోకపోతే కడుపులోనే బిడ్డ పోవచ్చు, లేదంటే ఎముకలు, కాలేయం దెబ్బతిని పుట్టొచ్చు. మా షాపు పక్కింటావిడకి "కిట్లు అయిపోయాయి, బయట చేయించుకురా" అన్నారు, ఆవిడ బయట చేయించుకోలేదు, ఎందుకంటే ఏ పరీక్షో, ఎందుకో ఆవిడకి చెప్పలేదు. ఇంకోటి, భార్యకి సూది వేసి మొగుణ్ణి వదిలేస్తే మళ్ళీ అంటుకుంటుంది. మన మొగాళ్ళు సగం మంది హైదరాబాద్‌లోనో చెన్నైలోనో కూలి పనుల్లో, గుజరాత్ వేరావల్లో బోట్ల మీద ఉంటారు, సంక్రాంతికొస్తారు. సంక్రాంతి వారంలో పీహెచ్‌సీల్లో మగవాళ్ళకి పరీక్షలు పెట్టండి, కోడిపందేల బరి దగ్గరైనా పర్లేదు.

హెపటైటిస్ బి గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. తల్లికి ఉంటే బిడ్డకి పుట్టిన 24 గంటల్లోపు టీకా పడాలి, 12 గంటల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ అనే రక్షణ సూది కూడా పడితే ఇంకా మంచిది. పుట్టినప్పుడు అంటుకుంటే 100లో 90 మందికి అది జన్మంతా ఉండిపోతుంది, పెద్దయ్యాక లివర్ పాడవ్వొచ్చు. మరి శనివారం రాత్రి కాన్పయితే "టీకాలు రేపు కాదమ్మా, బుధవారం రండి" అనే మాట నేను నా చెవులతో విన్నాను. టీకాల రోజు బుధవారం, శనివారం కావచ్చు, పిల్లలు మంగళవారం కూడా పుడతారు. లేబర్ రూమ్ ఫ్రిజ్‌లోనే ఆ డోసు ఉండాలి, ఆదివారమైనా, దసరా అయినా, సిరిమాను తిరిగే రోజైనా. తల్లి కార్డు మీద పాజిటివ్ అని ఉంటే నలుగురిలో గట్టిగా అరిచి చెప్పొద్దు కూడా, ఆ ఒక్క మాటకి అత్తారింట్లో కంచం, గ్లాసు వేరు పెట్టేస్తారు.

5. మూత్రం ఇన్ఫెక్షన్. ఇది చిన్న విషయం అనుకుంటారు అందరూ. కడుపుతో ఉన్న 100 మందిలో 2 నుంచి 10 మందికి మంట లేకుండా, ఏ బాధా లేకుండా మూత్రంలో క్రిములుంటాయి, వదిలేస్తే వాళ్ళల్లో పదిలో ముగ్గురి దాకా కిడ్నీకి పాకి చలి జ్వరం పట్టుకుంటుంది, నెలలు నిండకుండా కాన్పవ్వొచ్చు. ఎందుకు వస్తుందో మగ అధికారులకి అర్థం కావాలంటే ఒకరోజు పలాస జీడిపప్పు షెడ్డులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్న ఆడమనిషిని అడగండి, ఉపాధి పనికెళ్ళినామెని అడగండి, శ్రీకాకుళం నుంచి మందస పల్లెవెలుగు బస్సులో వెళ్ళే ఏడో నెల మనిషిని అడగండి. ఎక్కడా వెళ్ళడానికి చోటుండదు కాబట్టి నీళ్ళే తాగరు. ఉద్దానం కిడ్నీల గురించి దేశమంతా మాట్లాడింది, మంచిదే, అదే ఉద్దానంలో గర్భిణికి మూత్రంలో క్రిములు ఉన్నాయేమో చూసే కల్చర్ పరీక్ష ఒక్కసారైనా చేస్తున్నారా? పుల్ల ముంచి చక్కెర, ఆల్బుమిన్ చూసి పంపేస్తే క్రిములు తెలియవు. మొదటి మూడు నెలల్లో ఒక్కసారి కల్చర్ చెయ్యండి. పని జరిగే చోట్ల తలుపు, గడియ, నీళ్ళు ఉన్న టాయిలెట్ పెట్టించడం మీ శాఖ పని కాదంటారేమో, రాసి కలెక్టర్‌గారికి పంపడం మీ పనే.

6. అమ్మవారు. ఆటలమ్మ పోస్తే మనోళ్ళు ఆస్పత్రికి తీసుకెళ్ళరు, అమ్మ కోపగించుకుంటుందని. నేను కూడా పైడితల్లమ్మకి మొక్కుతాను, నా షాపులో ఫొటో ఉంది. అయినా చెప్తున్నాను, కడుపుతో ఉన్నామెకి ఆటలమ్మ పోస్తే వేపాకుతో పాటు డాక్టరు కూడా కావాలి. ఐదో నెలలోపు వస్తే 100లో 1, 2 పిల్లలకి చర్మం, చేతులు, కళ్ళు దెబ్బతినే అవకాశం ఉంది, కాన్పుకి ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత దాకా తల్లికి పోస్తే పసిబిడ్డకి ప్రాణం మీదకొస్తుంది, తల్లికి న్యుమోనియా కూడా పట్టొచ్చు. ఊళ్ళల్లో గుడి పూజార్ల చేత, ఘటం ఎత్తే పెద్దావిడల చేత ఈ మాట చెప్పించండి. మీరు కరపత్రం వేస్తే దాంట్లో పకోడీలు కట్టుకుంటారు, ఆవిడ చెప్తే వింటారు.

7. ఇది ప్రైవేట్ డాక్టర్లకి. ఒకసారి కడుపు పోయినోళ్ళందరికీ టార్చ్ టెస్ట్ అని, అంటే రూబెల్లా లాంటి కొన్ని రోగాలకి కలిపి చేసే రక్త పరీక్ష, రాస్తున్నారు, జనం దాన్ని టార్చర్ టెస్ట్ అంటున్నారు. నా షాపులో ఒకమ్మాయి రిపోర్ట్ ప్రింట్ తీయించుకుని అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చింది, రూబెల్లా ఐజీజీ పాజిటివ్ అని ఉందన్నా, నాకు పిల్లలు పుట్టరంట అని. ఐజీజీ పాజిటివ్ అంటే ఎప్పుడో వచ్చి పోయిందనో టీకా పడిందనో అర్థం, అంటే కాపు ఉన్నట్టు, సంతోషించాల్సిన సంగతి అది! కొత్తగా వచ్చిందా అని చూసేది ఐజీఎం, దాన్ని కూడా ఒక్క కాగితం చూసి తేల్చకూడదు. ఇది జిరాక్సులు తీసుకునే నాకు తెలిసింది, బయట బోర్డు మీద అన్ని డిగ్రీలున్న మీరు ఆ పిల్లకి రెండు నిమిషాలు కూర్చోపెట్టి చెప్పలేకపోయారా? అవసరమున్నోళ్ళకి రాయండి. రాస్తే అర్థం చెప్పండి. మా చెల్లి లాంటి వాళ్ళకి మూడో నెల్లో చెయ్యాల్సిన పరీక్ష చెయ్యకుండా, అక్కర్లేనోళ్ళ చేత వేలు పోయించడం ఏం న్యాయం.

8. ఏజెన్సీ. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం 2022 ఏప్రిల్‌లో మన్యం జిల్లాలోకి వెళ్ళిపోయాయి కాబట్టి మనది కాదనుకోకండి, అక్కడి ఆడపిల్లలు కాన్పు కష్టమైతే దిగేది మన ఆస్పత్రులకే. మలేరియా క్రిమి మాయలో దాక్కుంటుంది, తల్లి రక్తపు చుక్కలో కనపడకుండా కూడా ఉండొచ్చు, బిడ్డకి తిండి అందదు, బరువు తక్కువ, కొన్నిసార్లు కడుపులోనే పోతుంది. జ్వరంతో డోలీలో దిగిన గర్భిణిని మీది ఏ జిల్లా అని అడగటం ఆపండి. ఈ జిల్లాల గొడవ మాకూ తగిలింది, చెల్లి కార్డు రాజాంలో, అంటే విజయనగరం జిల్లా అయిపోయింది, అత్తారిల్లు శ్రీకాకుళం, పాప స్క్రీనింగ్‌కి వెళ్తే వాళ్ళు అక్కడికెళ్ళమంటారు, వీళ్ళు ఇక్కడికెళ్ళమంటారు. మూడో నెల కన్నోరిల్లు, ఐదో నెల అత్తారిల్లు, ఏడో నెల మళ్ళీ కన్నోరిల్లు, మన ఆడపిల్లలు ఇలాగే తిరుగుతారు, ఎప్పట్నుంచో. మనిషి వెనక రికార్డు వెళ్ళాలి.

9. పుట్టిన ప్రతి బిడ్డకి చెవి పరీక్ష. నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు ఖాయం చేసుకోవడం, ఆరు నెలల్లోపు మెషీన్ పెట్టడం, ఇదీ ప్రపంచమంతా పెట్టుకున్న లెక్క. మా పాపకి చెవి సంగతి తేలేసరికి ఎనిమిదో నెల, మెషీన్ వచ్చేసరికి ఏడాది దాటింది. వెనక స్టీలు పళ్ళెం పడితే ఇంట్లో అందరం ఉలిక్కిపడ్డాం, ఆ పిల్ల ఒక్కతే నవ్వుతూ ఆడుకుంటోంది, అలా మాకు అనుమానం వచ్చింది. పళ్ళెం పడితే తప్ప తెలియకపోతే ఎలా? 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలుపెట్టిన మొదటి మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి, గుండె ఆపరేషన్లకి, చెవి ఇంప్లాంట్లకి లక్షలు పెడుతున్నారు, దానికి చేతులెత్తి దణ్ణం పెడతాం, మా పాప గుండె పని కూడా అలాగే అయింది. నెలకి 6 వేలు దివ్యాంగుల పెన్షన్ కూడా ఇస్తున్నారు. ఇవన్నీ ఇవ్వగలిగిన ప్రభుత్వం పెళ్ళికి ముందు ఒక సూది దగ్గర ఎందుకు ఆగిపోయింది అన్నదే నా ప్రశ్న.

ఒక విషయం మాత్రం ఇప్పటికే జరిగింది, చూపిస్తాను. టీటీ సూది. మన అమ్మమ్మల కాలంలో పురిట్లో పిల్లలు ధనుర్వాతంతో కొయ్యబారి పోయేవాళ్ళు. తల్లికి సూదులు వేసి, బొడ్డు కొయ్యడానికి శుభ్రమైన బ్లేడు అలవాటు చేసి, 2015కల్లా పురిటి ధనుర్వాతం సమస్య దేశంలో తీరిందని ప్రకటించారు. ఇప్పుడు ఆ సూదే టీడీ అయింది, ఏ పల్లెటూరి పిల్లనైనా అడగండి, ఐదో నెల్లో సూది పడిందా అంటే తేదీతో సహా చెప్తుంది. అంటే మీరు గట్టిగా అనుకుంటే తల్లికి సూది వేసి బిడ్డని కాపాడటం మన ఏఎన్‌ఎంలకి చేతకాని పనేమీ కాదు.

10. చివరిది, దీనికి పైసా ఖర్చు లేదు. ఇలాంటి బిడ్డ పుట్టినప్పుడు అత్తగారిని, మొగుణ్ణి లోపలికి పిలిచి డాక్టరుగారు తన నోటితో చెప్పాలి, ఇది తల్లి తప్పు కాదు, గ్రహణం కాదు, ఒక వైరస్ అని. మా చెల్లి రెండేళ్ళుగా కత్తిపీట ముట్టుకోదు. రెండో బిడ్డ అంటే వణికిపోతుంది, వాళ్ళ ఇంట్లో కూడా "మళ్ళీ అలాగే పుడతాదేమో" అంటున్నారు. ఒకసారి రూబెల్లా వచ్చి పోయినామెకి మళ్ళీ రావడం చాలా అరుదు, రెండో బిడ్డకి ఆ భయం దాదాపు లేనట్టే అని మాకు మొన్న మొన్న తెలిసింది, అది కూడా నేను వెంటపడి అడిగితే. నేను చెప్తే వాళ్ళు నమ్మరు, నేను జిరాక్స్ వాణ్ణి. తెల్లకోటు వేసుకున్న మనిషి చెప్తే నమ్ముతారు. ఎవరైనా ఒక్కరు నరసన్నపేట దాకా వచ్చి చెప్తారా, బండి మీద నేనే తీసుకెళ్ళి తీసుకొస్తాను.

పాపకి ఇప్పుడు రెండున్నరేళ్ళు దాటాయి. సోడాబుడ్డి కళ్ళద్దాలు తలకి ఎలాస్టిక్‌తో కడతాం, చెవి మెషీన్ పీకి నోట్లో పెట్టుకుంటుంది. ఇంప్లాంట్‌కి కాగితాలు తిరుగుతున్నాయి. పోయిన నెల నా వంక చూసి "మా" అంది, మామ అన్నదో అమ్మ అన్నదో ఇంట్లో ఇంకా గొడవ నడుస్తోంది.

పైన మొదటి పాయింట్‌లో అడిగిన మూడు ప్రశ్నలు, 2002కి ముందు పుట్టారా, టీకా పడిందా అన్న ఇంకో రెండు, కలిపి అర కాగితం మీద పట్టేలా టైప్ చేసి పెట్టాను. తల్లీబిడ్డ కార్డులో అంటించుకోవచ్చు. మా ఊరి ఆశా అక్కలకి ఉచితంగా ప్రింట్ తీసి ఇస్తున్నాను, ముగ్గురు తీసుకెళ్ళారు. మీకు కావాలంటే పైన మీ శాఖ గుర్తు వేసుకోండి, నా పేరు అక్కర్లేదు. మంగళవారాలు పాపని స్పీచ్ థెరపీకి తీసుకెళ్తాను కాబట్టి షాపు ఉండదు, మిగతా రోజులు పొద్దున్న తొమ్మిదికే తీస్తాను, పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే వేసిస్తాను.

ఇట్లు,
పాప మేనమామ